2022లో పుట్టబోయే సైడ్‌కారు

ఆ రోజుల్లో సిడ్నీలో మాబోటి కుర్రాళ్లకు భయమే అన్నం పెట్టేది. 2000 రాగానే కంప్యూటర్లకు మతి పోతుందని లోకానికి భయం, ఆ భయం కాస్తా తీరిపోతే మా వీసాలు గోవిందా అని మాకు భయం. నాకు వీటికి తోడు మీసాల బాసంటే భయం. (పేరు పెట్టి పిలవమని మొదటిరోజే చెప్పాడాయన. నాకు నోరు రాలేదు. ‘సర్’ అంటే ఆయనకు గిట్టదు. అందుకని ఆరు నెలలపాటు ఆయన నావైపు చూసేదాకా పక్కన నిలబడి, అప్పుడు మాట్లాడేవాణ్ణి.)

మేము పనిచేసేది ఒక బ్యాంకులో, రెండంకెల ఏళ్లను నాలుగంకెలు చేయడం మా పని. బాసు ప్రాణమంతా మాత్రం ఒక ఇంగ్లీషు కార్ల కంపెనీ మీద. టీ తాగినప్పుడల్లా దాని చరిత్ర చెప్పేవాడు. 1922లో మోటారు సైకిళ్ల పక్కన తగిలించే సైడ్‌కార్లతో మొదలైందట. తర్వాత ఇతరుల కార్లకు సొగసైన బాడీలు కట్టి, ఆ పైన సొంత కార్లకు దిగిందట. యుద్ధమయ్యాక కంపెనీ పాత పేరులోని రెండక్షరాలు నాజీల్ని గుర్తుచేస్తున్నాయని వాటిని వదిలేసి, ఒక అడవి మృగం పేరు పెట్టుకుందట. అరవైల్లో దాని పొడుగు ముక్కు స్పోర్ట్స్ కారు చూసి జనం వెర్రెత్తిపోయారట. బాసుకు 1948 మోడలొకటి ఉండేది. ఆ కార్ల క్లబ్బుకు కార్యదర్శి కూడా ఆయనే. ఒకరోజు సభ్యుల రిజిస్టరున్న ఫ్లాపీ నా చేతిలో పెట్టి, “పాత బండ్ల పెరేడ్‌కి అందరికీ ఉత్తరాలు పోవాలి. ఫ్రైడే ఆర్వోకల్లా అయిపోవాలి, మేట్!” అన్నాడు. ఆర్వో అంటే అక్కడివాళ్ల యాసలో మధ్యాహ్నం.

రిజిస్టరులో కార్లు తయారైన ఏడాది రెండంకెల్లోనే ఉంది. నాకు చేతనైన వైద్యం ఒక్కటే, బ్యాంకులో నెల రోజులుగా చేస్తున్నదే: యాభైకి లోపుంటే ముందు 20 తగిలించు, పైనుంటే 19. పైగా అతితెలివి ఒకటి. ఎవరైనా ఏడాది తప్పు కొట్టి ఉంటే పట్టుకోవాలని, రాబోయే ఏడాది కనిపిస్తే వేరే ఉత్తరం వెళ్లేలా ప్రోగ్రాం రాశాను. బాసు నన్ను నమ్మి చూడకుండానే సంతకాలు పెట్టేశాడు. అన్నీ పోస్టులో పడ్డాయి.

శనివారం పొద్దున కాఫీ తాగుతూ, మిగిలిన కాపీ ఒకటి ముచ్చటగా చదువుకున్నాను. “అయ్యా, మీ వాహనం ఇంకా తయారు కాలేదు. కనుక పెరేడ్‌కు అనుమతి లేదు. 2022లో సంప్రదించండి.” కాఫీ పక్కన పెట్టి మళ్లీ చదివాను. నా పుణ్యమా అని పొడుగు ముక్కు కారు ముందు పుట్టేసింది, దాని తాత సైడ్‌కారు ఇక పుట్టాలి. బాసు కారైతే 2048 దాకా కడుపులోనే ఉంది!

మా హైదరాబాదు రూమ్మేట్‌ని అందరం భాయ్ అనేవాళ్లం. అంతా విని అతను, “గింత దానికి గంత పరేషాన్ ఎందుకురా? సూట్‌కేసైతే కిందికి దించు. బట్టలు మాత్రం సోమారం దాకా సదరకు,” అన్నాడు. ఆ రెండు రోజులూ ఆ సూట్‌కేసు నావైపే చూస్తున్నట్టుండేది. ఫోన్ మోగితే బాత్రూములో దూరేవాణ్ణి.

సోమవారం బాసు గదికి పిలిచాడు. లోపల ఒక ముసలాయన, ఆయన చేతిలో నా ఉత్తరం.

“ఈయన సైడ్‌కారు ఎందుకు పుట్టలేదో నువ్వే చెప్పు,” అన్నాడు బాసు.

తడబడుతూ నా యాభై లెక్క చెప్పాను. ముసలాయన కళ్లు చికిలించి విన్నాడు. “అయితే నేనూ పుట్టలేదన్నమాట. నేను పుట్టిందీ ఇరవై రెండులోనే. నా పెన్షన్ మీ బ్యాంకులోనే ఉంది, అదైనా పుట్టిందా?”

ఆయన వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం బ్యాంకు ఫైళ్లు గుర్తొచ్చాయి. ఖాతాదారుల పుట్టిన తేదీలకూ నేను చేసింది ఆ వైద్యమే! నోరు మూసుకుంటే జనవరి దాకా ఎవరికీ తెలియదు. విప్పితే ఇవాళే విమానం. ఆ ముసలాయన ముఖం చూస్తూ నోరు మూసుకోవడం నావల్ల కాలేదు.

“పుట్టిన తేదీలకు కూడా... అదే లెక్క వేశాను,” అన్నాను.

బాసు నన్ను తీసుకెళ్లి నా కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. “సరిచేసేదాకా కుర్చీలోంచి లేవకు,” అన్నాడు. వారమంతా నా వెనకే నిలబడ్డాడు. బ్యాంకు గట్టెక్కింది, నా వీసా కూడా. క్లబ్బు రిజిస్టరు మాత్రం మళ్లీ నా చేతికి రాలేదు. క్షమాపణతో కొత్త ఉత్తరం ఇవ్వబోతే ముసలాయన పుచ్చుకోలేదు. “ఇదే పట్టుకుని 2022లో వస్తా,” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మేముండేది సిడ్నీ శివార్లలోని ద పాండ్స్‌లో. తల నెరిసింది. 2022లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ పెరేడ్‌కు వెళ్లాను. సైడ్‌కారు వచ్చింది. ముసలాయన రాలేదు. బండి నడుపుతున్నది ఆయన కూతురు. “రమ్మన్న ఏడాదికే తెచ్చాను. నాన్నే ఆగలేకపోయాడు,” అందావిడ. సైడ్‌కారు సీట్లో అద్దం కట్టించిన నా ఉత్తరం ఉంది. దాని అడుగున, ఈ ఘనకార్యం ఎవరిదో లోకానికి తెలియాలని నేను చిన్న అక్షరాల్లో వేసుకున్న నా పేరు!

“నాన్నా, ఆర్ యూ క్రయింగ్?” అంది మా అమ్మాయి.

“పుట్టినరోజు కదమ్మా,” అన్నాను.