కనకమ్మ మూరెడు గొడ్డలి

మా అపార్ట్‌మెంట్ తోటమాలి కనకమ్మ గొడ్డలి పడితే చూడాలి. నేను చూశాను. చూడక ముందు మాత్రం ఆమెకే గొడ్డళ్ల గురించి పాఠాలు చెప్పబోయాను. ఆ సిగ్గుమాలిన పని ముందే ఒప్పుకుని మిగతాది చెబుతాను.

జూన్‌లో మొదటి గాలివానకే మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి తురాయి చెట్టు కొమ్మ విరిగి స్కూటర్ల మీద పడింది. ఇలాంటి ఆపదలకు ఒక పెట్టె సిద్ధంగా ఉంచాలని అసోసియేషన్ మీటింగ్‌లో తేల్చారు. అందులో తాడు, టార్చి, మందుల డబ్బా, ఒక మంచి గొడ్డలి. గొడ్డలి ఎంచే పని నాకివ్వమని చెయ్యెత్తి మరీ అడిగాను. నా పేరు శివశంకర్. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను, సెలవు దొరికితే నల్లమలలో నడవడానికి పోతాను. అలాంటివాడికి గొడ్డలి కొనే అవకాశం వస్తే ఆగుతాడా? మూడు వారాలు వీడియోలు చూశాను. ఉక్కు రకాలు, బరువులు, పిడి కొలతలు అన్నీ నోటికొచ్చేశాయి. చివరికి టోమాహాక్ అనే విదేశీ చేతిగొడ్డలి ఒకటి తెప్పించాను. నల్లగా నిగనిగలాడుతోంది. ముందు పదునైన అంచు, వెనక కొంగ ముక్కులాంటి మొన, నైలాన్ పిడి. అడవికైనా ఆపదకైనా ఇదొక్కటి చాలని పెట్టె మీద రాసి ఉంది. అట్ట విప్పే ముందు చేతులు కడుక్కున్నానంటే నమ్మండి.

అసోసియేషన్ అధ్యక్షుడు చలపతిరావు గారు కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు. దాన్ని అటూ ఇటూ తిప్పి "అదిరిందండి శివశంకర్ గారూ!" అన్నారు. నేను ఉబ్బిపోయాను. మొక్కలకు నీళ్లు పెడుతున్న కనకమ్మ పైపు పక్కన పడేసి వచ్చింది.

"జర నాకియ్యి సారూ," అని తీసుకుని రెండుసార్లు గాలిలో ఆడించింది. "గిదేంది, తలకాయల బరువే లేదు? ఎనక గీ ముక్కెందుకు? ఎత్తినప్పుడు నా నొసటికే తగుల్తది. సందుల కట్టె చీలిక దిగ్గొట్టాలంటే ఎనక సాపుగ ఉండాలె."

"ప్రపంచమంతా ఇదే వాడుతున్నరు కనకమ్మా!" అన్నాను, కోపం దాచుకోకుండా.

"వాడనియ్యి. మన గేటు కాడ చెట్టు కూలితే కొట్టేది నేను గద. నా చేతికి సరిపోయేది గావాలె."

నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయి గేటు వైపు చూశాను. అక్కడ కుర్చీలో ఆమె భర్త ఐలయ్య కూర్చున్నాడు, మా వాచ్‌మన్. అతనికి కుడి కాలు మోకాలి కింద లేదు. ఎందుకు లేదో నేనెన్నడూ అడగలేదు.

ఆదివారం, ఆమె కోరిన గొడ్డలి చేయించడానికి, ఆమెను కారులో హఫీజ్‌పేట్ తీసుకుపోయాను. అక్కడ తనకు తెలిసిన కమ్మరి ఉన్నాడంది. దారిలో తనే చెప్పింది.

"ఆరేండ్ల కింద బిల్డింగు పనికని ఈడికొచ్చినం సారూ. జాగ సాపు చేస్తుంటే యాపచెట్టు మా ఆయన కాలు మీద పడ్డది. మేస్త్రి గొడ్డలి నా చేతిలనే ఉన్నది. మూడో దెబ్బకు దాని తలకాయ ఊడి అవుతల పడ్డది. ఉత్త కామ నా చేతిల మిగిలింది. ఇంకో గొడ్డలి దొరికేసరికి గంట దాటింది. కాలి ఏళ్లు ఆడియ్యి, ఏళ్లు ఆడియ్యి అని మొత్తుకున్న. ఆడలే. దవాఖానల కాలు తీసేసిన్రు." ముందు సిగ్నల్ దగ్గర ఎడమకు తిప్పమని చెయ్యి చూపింది. "ఇంకొకల్ల కాలు నా కండ్ల ముంగట పోవద్దు సారూ. అందుకే గింత సతాయిస్తున్న."

కామ అంటే గొడ్డలి పిడి. ఆ పిడి ఒక్కటే చేతిలో మిగలడం ఎలా ఉంటుందో ఊహించబోయాను, నా వల్ల కాలేదు. టోమాహాక్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

రైల్వే స్టేషన్ వెనక గల్లీలో వీరాచారి కొలిమి. లారీ కమాన్ పట్టీలు కాల్చి సాగగొట్టి చేసిన గొడ్డలి తలలు ఓ డజను మా ముందు కుమ్మరించాడు. కనకమ్మ ఒక్కొక్కటి రెండు వేళ్లతో వేలాడదీసి, చిన్న రాయితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. బొంగురుగా పలికినవన్నీ పక్కన పడేసింది. ఒకటి మాత్రం ఖంగుమంది. నాక్కూడా తెలిసిపోయింది! "ఇదే, ఇదే!" అని నేనే అరిచాను. చారి నవ్వాడు. ముందు పదును, వెనక సుత్తిలా చదును, నా టోమాహాక్‌కు రెట్టింపు బరువు.

తర్వాత కామ. తుమ్మ కర్రల్లో గీతలు చివరిదాకా తిన్నగా సాగినదాన్ని ఏరింది. మోచేతి నుంచి నడిమి వేలి దాకా తన చేతినే దాని మీద ఆనించి, సరిగ్గా మూరెడు దగ్గర గీత గీసి కోయమంది.

"పొడుగుంటే దెబ్బ ఇంకా గట్టిగ పడ్తది కదా?" అన్నాను. వీడియోల జ్ఞానం ఊరుకోదు.

"బయలు జాగల పడ్తది సారూ. కొమ్మల సందుల, బండి పక్కన ఏడ తిప్పుతవ్? ఆపదల జాగ ఉండది."

చారి కామకు గొడ్డలి తల బిగించి ఇనప చీలిక దిగ్గొట్టాడు. "ఇగ గుంజు సారూ," అంది కనకమ్మ. కాలు తన్నిపెట్టి రెండు చేతులా గుంజాను. వెంట్రుకంత కూడా కదల్లేదు. నాకు ఆ గల్లీలోనే ఈల వేయాలనిపించింది.

దసరా నాడు క్లబ్‌హౌస్‌లో ఆయుధ పూజ. డ్రిల్లింగ్ మిషన్లు, స్పానర్లు, తోట కత్తెరలు, ఆపద పెట్టెలోని రెండు గొడ్డళ్లు, అన్నీ వరసగా పెట్టాం. పండుగ ఉత్సాహంలో నేనో ఘనకార్యం చేశాను. దీపానికి తెచ్చిన నువ్వుల నూనె చేతిలో పోసుకుని కనకమ్మ గొడ్డలి కామకు మెరిసేలా పట్టించాను. దాని మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చలపతిరావు గారి భార్య సుబ్బమ్మ గారు హారతిచ్చి, "పూజలో పెట్టినవి రేపటిదాకా ఎవరూ కదపకూడదండీ," అని అందరికీ గట్టిగా చెప్పారు.

మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడింది. చలపతిరావు గారు కారుకు దండ కట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, వాటిని తొక్కించడానికి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఒక్క విసురు గాలి. తురాయి చెట్టు ఫెళఫెళమని కారు మీద కూలింది.

వెళ్లి చూస్తే తొడంత లావు కొమ్మ ముందద్దం చీల్చుకుని లోపలికొచ్చి ఆయన కాలును సీటుకు అదిమి పెట్టింది. "కాలు రావట్లేదండీ," అంటున్నారు. మాట సన్నబడిపోయింది. అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తే బయల్దేరామన్నారు. బయట రోడ్లన్నీ చెరువులు.

నేను క్లబ్‌హౌస్‌కు పరుగెత్తి, ఇంకా బుద్ధి రాలేదు కాబట్టి, టోమాహాక్ తెచ్చాను. రెండు దెబ్బలకు అంచు పచ్చి కొమ్మ మీద జారింది. తిప్పి వెనక మొనతో కొట్టాను. అది దిగబడి, ఎంత లాగినా రాలేదు.

"నాది ఏది సారూ?" కనకమ్మ అరిచింది.

నేను తిరిగేలోపే సుబ్బమ్మ గారు పట్టుచీర బురదలో ఈడుస్తూ దండతో సహా ఆ గొడ్డలి పట్టుకొచ్చారు. "కొట్టవే తల్లీ, కొట్టు!" అన్నారు. కనకమ్మ ఎత్తి కొట్టింది. కామ చేతిలోంచి జర్రున జారి గొడ్డలి బానెట్ మీద పడింది.

"నూనె ఎవడు రాసిండు?"

"నేనే," అన్నాను. ఆమె నన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. దండ తెంపి పారేసింది, మొక్కల మొదట్లోని మట్టి గుప్పెడు తీసి కామను బరబరా రుద్దింది, కొంగుతో తుడిచింది, మళ్లీ రుద్దింది.

ఇక చూడాలి! అద్దానికీ కొమ్మకూ మధ్య జానెడు సందులో ఆ మూరెడు గొడ్డలి ఆడింది. ఇటొక దెబ్బ, అటొక దెబ్బ, చెక్కపేళ్లు నా మొహం మీద వచ్చి పడుతున్నాయి. సగం తెగగానే పైనున్న చెట్టు మాను కిందికి దిగసాగింది. ఆమె ఆపి, "కట్టె ముక్క తే!" అంది. దాన్ని మాను కిందికి దూర్చి గొడ్డలి వెనక వైపుతో ధనధన దిగ్గొట్టింది. దిగుతున్న మాను ఆగింది. మళ్లీ పదును తిప్పింది. ఇంకో పది దెబ్బలు. కొమ్మ తెగింది! మేం తలుపు ఊడబెరికి చలపతిరావు గారిని బయటికి లాగి బెంచీ మీద పడుకోబెట్టాం.

పూజ చేసుకుని ఎక్కారు కాబట్టి ఆయన కాళ్లకు చెప్పులు లేవు. కనకమ్మ గొడ్డలి బురదలో వదిలేసి ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏళ్లు ఆడియ్యి సారూ."

ఏమీ కదల్లేదు. ఆమె ఆ పాదం మీదికి వంగింది. "సారూ, నీ కాల్మొక్త, ఏళ్లు ఆడియ్యి."

బొటనవేలు కదిలింది. తర్వాత దాని పక్కది. తర్వాత అయిదూ.

"ఆడినయ్!" కనకమ్మ వానలో చతికిలబడి, నవ్వుతూ ఏడుస్తూ గేటు వైపు కేకేసింది. "ఏమయ్యో, ఏళ్లు ఆడినయ్!"

ఐలయ్య అప్పటికే చంకకర్ర ఊనుకుంటూ అక్కడికి వచ్చేశాడు. వంగి బురదలోంచి గొడ్డలి తీసి, కామను తన చొక్కాకు తుడిచి ఆమె ఒడిలో పెట్టాడు.

"చూసిన కనకీ," అన్నాడు. "నేను గూడ చూసిన."