ఆమె చెప్పబోయిన మాట

దీవుల ఉత్తరపు కొసన, డిగ్లీపూర్ బజారు దాటి ఇంకా లోపలికి, వరి పొలాల మధ్య ఉన్న చిన్న సర్కారీ ఆసుపత్రిలో నేనొక్కదాన్నే డాక్టర్ని. నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో, డెయిరీ ఫార్మ్ అనే పేటలో. ఈ ఊళ్లో నాతో తెలుగులో మాట్లాడేవాళ్లు తక్కువ. అందుకే రోడ్డు మలుపులో బట్టలు కుట్టే ఆవిడ ఓపీకి వస్తే నాకు చుట్టం వచ్చినట్టుండేది. అరవైకి దగ్గర పడిన మనిషి. పిల్లలు లేరు. భర్త ఓడల్లో పనిచేసి రిటైరయ్యాడు.

మొదటిసారి ఆవిడ నీరసమని వచ్చింది.

"ఒంట్లో ఓపికే లేదు డాక్టరమ్మా. రెండు జాకెట్లు కుట్టేసరికి కాళ్లు లాగేస్తన్నాయి. మెట్లెక్కితే ఆయాసం, సాంస్ ఫూల్ జాతా హై."

కింది కనురెప్ప లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ. మా ఓపీలో రక్తం తక్కువున్న ఆడవాళ్లను రోజూ చూస్తాను. ఐరన్ గోళీలు, నులిపురుగుల మాత్ర రాశాను. కడుపులో మంట అంటే దానికో గోళీ, ఆకలి లేదంటే దానికో సీసా. ఒక్కో బాధకు ఒక్కో మందు ఇచ్చానే గానీ, ఇవన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయేమో అని ఆలోచించలేదు. నెలసరి ఆగిపోయి ఎన్నో ఏళ్లయిన మనిషికి రక్తం తగ్గిందంటే అది ఎటు పోతోందో వెతకాలి. ఆ సంగతి పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే.

నెల తరవాత మళ్లీ వచ్చింది. ఆ రోజు బయట వరండా అంతా జనం, సగం మంది జ్వరాలవాళ్లు.

ఆవిడ గొంతు తగ్గించి, "దొడ్డికి నల్లగా అవతందమ్మా, తారులాగ" అంది.

"ఐరన్ గోళీలు వేసుకుంటే అలాగే అవుతుంది. భయపడకండి."

"అది కాదమ్మా..."

అప్పటికే నర్సు తరవాతి పేషెంటును పిలిచేసింది. ఏడుస్తున్న బిడ్డతో ఒక తల్లి లోపలికొచ్చి నిలబడింది. ఆవిడ ఆ బిడ్డను చూసి, నన్ను చూసి, "అలగైతే సరే" అని లేచిపోయింది. నేను ఆపలేదు.

తరవాత నాలుగు నెలలు ఆవిడ రాలేదు. ఆవిడ భర్త వచ్చి తన బీపీ మాత్రలతో పాటు ఆమె గోళీలూ పట్టుకెళ్లేవాడు. ఎలా ఉందని అడిగితే "ఠీక్ హై" అనేవాడు. నేను అంతటితో సరిపెట్టుకున్నాను.

ఆవిడ మళ్లీ వచ్చిన రోజు గుమ్మంలో చూసి పోల్చుకోలేకపోయాను. కుర్చీలో కూర్చుని తన జాకెట్టు పక్క కుట్టు చూపించింది.

"మూడుసార్లు బిగించీసినాను. చుట్టుకొలత నాలుగంగుళాలు తగ్గిపోనాది. తిన్నది నిలవట్లేదు."

పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేశాను. బొడ్డుకు పైన గట్టిగా ఒక గడ్డ తగిలింది. చెయ్యి తియ్యకుండానే అడిగాను.

"నల్లగా అవుతోందన్నారు కదా, అది ఎప్పటి నుంచి?"

"మీ గోళీలు మొదలెట్టక ముందు నుంచేనమ్మా. ఆ రోజు అదే చెప్పబోయాను."

మర్నాడే పోర్ట్ బ్లెయిర్ పంపించాను. అంత దూరం ఆ ఒంటితో బస్సులో వెళ్లింది. నోట్లోంచి గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. కడుపులో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. ఆపరేషన్ కుదరదన్నారు. చెన్నై వెళ్తే మందులతో కొన్నాళ్లు పొడిగించవచ్చన్నారు. ఆవిడ వద్దంది.

అప్పుడు ఆవిడ పోర్ట్ బ్లెయిర్‌లోనే, మిన్నీ బేలో చెల్లెలి ఇంట్లో ఉంది. సెలవు పెట్టి వెళ్లాను. భర్త మందులకని బయటికి వెళ్లాడు. ఆవిడ కిటికీ పక్కన మంచం మీద ఉంది. వెళ్లకపోయినా, చెప్పకపోయినా ఎవరూ నన్ను అడిగేవాళ్లు కాదు. ఆ సంగతి తెలిసే వెళ్లాను.

"ఆ రోజు మీరు నల్లగా అవుతోందన్నప్పుడు నేను వినలేదు. ఒక్క మాట అడిగి ఉంటే అప్పుడే ఇక్కడికి పంపేదాన్ని. తప్పు నాది."

ఆవిడ నా వైపు తిరిగింది.

"అప్పుడు పంపితే బతికేదాన్నా?"

"చెప్పలేనమ్మా. ఏమో, బతికేవారేమో."

"ఏమో" అని నెమ్మదిగా అంది. గోడవైపు తిరిగింది. "ఇప్పుడు వెళ్లు బేటీ."

మర్నాడు మళ్లీ వెళ్లాను. పొమ్మంటే పోదామనుకున్నాను. పొమ్మనలేదు.

"నన్ను మా ఇంటికి తీసుకెళ్లిపో. నొప్పి లేకుండా చూడు. అదొక్కటి చెయ్" అంది. తలుపు వైపు చూసి, "నిన్న నువ్వన్న మాట ఆయనకి మాత్రం చెప్పకు" అంది.

"ఎందుకమ్మా?"

"నాను పోయాక ఆయన బీపీ గోళీలకి నీ దగ్గరికే రావాల గదా. అక్కడ ఇంకో డాక్టరు ఎవులున్నారు? నీ మీద కోపం పెట్టుకుని మందులు మానేస్తే ఆయన్ని చూసేదెవరు?"

ఆవిడను ఆంబులెన్సులో ఇంటికి చేర్చాం. నొప్పి మాత్రలు పోర్ట్ బ్లెయిర్ నుంచి తెప్పించాను. ఓపీ అయ్యాక రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. నేను వెళ్లేసరికి ఒక్కోసారి నిద్రలో ఉండేది, ఒక్కోసారి ఏ జాకెట్టు ఎవరిదో, ఎవరిది ఇంకా కుట్టాలో భర్తకు చెబుతూ ఉండేది. నన్ను క్షమించానని ఒక్కసారి కూడా అనలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అయిదో వారంలో ఒక మధ్యాహ్నం పోయింది. నొప్పి మాత్రం పెద్దగా లేదు.

ఆయన ఇప్పటికీ ప్రతి నెలా వస్తాడు. అదే కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడుస్తాడు. కిందటి నెల బీపీ పట్టీ చుడుతుంటే అన్నాడు:

"మా ఆవిడకి మీరు సొంత కూతురికన్నా ఎక్కువ చేసినారు డాక్టరమ్మా. భగవాన్ ఆప్ కో ఖుష్ రఖే."

ఆ రోజు చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. ఆవిడ కోరిందన్న మాట చాటున నన్ను నేనే కాపాడుకుంటున్నానా అని మళ్లీ అనుమానం వచ్చింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

"మాట్లాడకండి నాన్నగారూ, లెక్క తప్పుగా వస్తుంది" అన్నాను. ఆయన బుద్ధిగా నోరు మూసుకుని, మిషన్ ఆగేదాకా కదలకుండా కూర్చున్నాడు.