ఈత రాని ఇంట్లో పుట్టి

మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. నేను పుట్టకముందే మా మేనమామ, అంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, నగరి దగ్గర వాళ్ల ఊరి బావిలో పడి చనిపోయాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ భయం మాత్రం నాతోపాటే పెరిగింది. నన్ను సైకిలు ఎక్కనివ్వలేదు. కాలేజీ వాళ్లతో తలకోన వెళ్లినప్పుడు అందరూ జలపాతం కింద గంతులేస్తుంటే, నేను గట్టున వాళ్ల చెప్పులకి కాపలా కూర్చున్నాను.

పెద్దయ్యాక తిరుపతిలో తెలుగు లెక్చరర్‌నయ్యాను. కవిత్వం రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయాలని పిల్లలకి చెప్తాను. నిరుడు ఒక బావి మీద కవిత రాసి, చిత్తూరు దగ్గర మామిడితోటలో ఉండే మా వదినకి వినిపించాను. ఆమె బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరైంది.

అంతా విని, "బాగుండాది పాపా. ఈ బాయిలోకి నువ్వెప్పుడన్నా దిగినావా?" అంది.

"లేదు వదినా, గట్టు మీద నుంచి చూసి రాసినాను."

"అది తెలస్తానే ఉండాది. ఆదివారం రా, నేర్పిస్తా."

నాకు యాభై దాటాయి. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ వారమంతా క్లాసులో కవిత్వం గురించి మాట్లాడుతున్నప్పుడల్లా ఆ చెప్పుల కుప్ప పక్కన కూర్చున్న అమ్మాయే గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను.

వదిన తన తోటలోని బావి దగ్గర నా వీపుకి ఖాళీ నూనె క్యాను కట్టి, తను ముందు దిగి చేతులు చాచింది. చివరి మెట్టు మీద ఆగి ఆమె చేతులు పట్టుకున్నాను. దిగాను. ముక్కులోకి నీళ్లు పోయాయి, గొంతు మండింది, పాచి మెట్టుకి గీసుకుని మోచెయ్యి చీరుకుపోయింది. అయినా పైకొచ్చాక, మళ్లీ దిగుతానని నేనే అన్నాను. కొన్ని వారాలకి క్యాను విప్పేశాం. ఆ రోజు బావి మధ్యలో వెల్లకిలా తేలుతూ ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు.

ఇక అమ్మ దగ్గర దాచదలచుకోలేదు. ఒక ఆదివారం వెంట తీసుకెళ్లి, "అమ్మా, నాకు ఈతొచ్చింది. చూద్దువు రా" అన్నాను. అమ్మ మొహం పాలిపోయింది. నేను నీళ్లలోకి దిగగానే గట్టు పట్టుకుని కేకలేసింది.

"పైకి రా మే! ఎవురు దిగమనిరి నిన్ను? మీ మామ సంగతి తెలిసీ దిగతావా?"

నేను మెట్టు దాకా ఈదుకుంటూ వచ్చి, "మామ ఈతకి పోయి మునిగినాడా అమ్మా?" అని అడిగాను. అన్నేళ్లలో ఆ మాట నేనడగడం అదే మొదటిసారి.

అమ్మ గట్టు పక్కనే చతికిలబడింది. తర్వాత మెల్లగా అంది. "ఈత కాదు. బిందె ముంచతా జారినాడు. నేను గట్టు మీదనే ఉండాను. అరస్తా ఉండిపోతిని. నాకు ఈత వచ్చుంటే దూకిందును కదా."

తడిబట్టలతోనే పైకెక్కి అమ్మ పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. వదిన కాఫీ తెచ్చి ఇచ్చి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్లింది. కాఫీ తాగి, అమ్మ తన కొంగుతో నా తల తుడవబోయి ఆగింది.

"ఇంకా ఈదేది ఉండాదా?" అని అడిగింది.

"ఉంది."

"అయితే పో. నేనీడనే ఉంటా."

ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మ నాతో వస్తోంది. నేను మోటారు గది పక్క బండ మీద నుంచి దూకుతుంటే కళ్లు మూసుకుంటుంది. నా తల పైకి తేలాక, కాళ్లు ఇంకా గట్టిగా కొట్టమని గట్టు మీద నుంచి గదమాయిస్తుంది.