బస్సు నన్ను వదిలేసిపోయిన పూట

మొన్న మా మేనకోడలు నా ఫోనుకు ఒక ప్రకటన పంపింది. ఒంటరిగా తిరిగే ఆడవాళ్ళకు అడవులూ పక్షులూ చూపించే టూరట, ఎక్కింది మొదలు దిగేదాకా మనం ఎక్కడున్నామో ఇంటివాళ్ళకు ఫోనులో కనబడుతూ ఉంటుందట, ఒక్క నిమిషం కూడా మనల్ని ఒంటరిగా వదలరట. వదలకపోతే ఇక ఒంటరిగా వెళ్ళడం దేనికి తల్లీ అని నవ్వుకున్నాను గానీ, ఆ తర్వాత కుదురుగా కూర్చోలేకపోయాను. కాలుగాలిన పిల్లిలా వంటింటికీ బాల్కనీకీ తిరుగుతూ, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఒక్కదాన్నే వెళ్ళిన టూరును తలుచుకుంటూ ఉండిపోయాను.

అప్పుడు నేను ఖమ్మం దవాఖానాలో నర్సును. నలభై దాటినా పెళ్ళి ఊసు లేదు, అన్నయ్య ఇంట్లో ఉండేదాన్ని. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన హెడ్ నర్సు ప్రమోషన్ రానే వచ్చింది, వచ్చి వచ్చి చర్లలో పడింది. అప్పట్లో చర్ల అంటే ఖమ్మంలో ఏమనుకునేవారో మన ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు: అడవి, చలిజ్వరం, పోలీసు క్యాంపులు, వాన పడితే ఆగిపోయే బస్సు. వెళతానో లేదో సోమవారం చెప్పాలి. వద్దంటే ఆ కుర్చీ జాబితాలో నా వెనకాలావిడకు పోతుంది, మళ్ళీ నా వంతు ఎప్పటికో ఆ దేవుడికే తెలియాలి. అన్నయ్య వద్దన్నాడు. వదిన అయితే అన్నం వడ్డిస్తూ, "ఒక్కదానివి ఆ అడవిల ఎట్లుంటవమ్మా? ఇంట్ల కరెంటు పోతేనే నన్ను పిలుస్తవ్" అంది. ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆమె అన్నది నిజం. అన్నేళ్ళొచ్చినా నేను ఎక్కడా ఒక్కదాన్నే ఒక పూట గడిపి ఎరుగను.

వేరే ఆఫీసుల ఉద్యోగులు కొందరు కలిసి ఆ ఆదివారం కిన్నెరసాని జలాశయానికి పక్షులనూ మొసళ్ళనూ చూడటానికి బస్సు మాట్లాడుకున్నారని తెలిసి, ఇంట్లో మరో మాట అననీయకుండా పేరు ఇచ్చేశాను. పక్షుల మీద నాకేం ధ్యాస లేదు, అడవి ముఖం ఒకసారి చూస్తే సోమవారం ఏం చెప్పాలో తేలుతుందని ఆశ, అంతే.

బస్సు నిండా కుటుంబాలే. ఎక్కినప్పటి నుంచీ "మీవాళ్ళు రాలేదా?" అని ప్రతివాళ్ళూ అడిగేవారే, లేరంటే అయ్యో పాపం అన్నట్టు చూసేవారే. పాల్వంచ దాటేసరికి పాటలు, పులిహోర గిన్నెలు, చంటిపిల్లల ఏడుపులు. జలాశయం వెనక చిత్తడి నేల దగ్గర దిగామో లేదో, మా గోలకు కొంగలూ బాతులూ అన్నీ లేచి అవతలి ఒడ్డుకు పోయాయి. దారి చూపడానికి వచ్చినాయన తల పట్టుకుని, "గిట్ల మొత్తుకుంటే మొసలి గాదు, కప్ప గూడ కనవడది" అన్నాడు. ఎవరు వింటారు!

ఆ బస్సులో మనుషులను లెక్కపెట్టే పద్ధతి ఒకటుండేది. టూరు చూసుకునే మేనేజరు తలుపు దగ్గర నిలబడి, "ఎవరివాళ్ళను వాళ్ళు చూసుకోండ్రి" అని కేకేసేవాడు, ప్రతి కుటుంబం నుంచీ "మావాళ్ళొచ్చిండ్రు" అని జవాబు వచ్చేది, బస్సు కదిలేది. నేను ఎవరివాళ్ళలోకి వస్తాను? ముందు సీటువాళ్ళు వెనకవాళ్ళతో వచ్చాననుకున్నారు, వెనకవాళ్ళు ముందువాళ్ళతో అనుకున్నారు. భోజనాల వేళ నేను ఆ గోలలో నిలవలేక గట్టు వెంబడి నడిచి మలుపు దాటిపోయాను, హారన్ విన్నాను కూడా, మొదటి హారన్‌కు మనవాళ్ళు ఎక్కుతారా అని తాపీగా తిరిగివచ్చేసరికి ఎంగిలి విస్తళ్ళు తప్ప ఏమీ లేవు.

భయం వేసింది, అబద్ధమెందుకు. ఫోను లేదు, రోడ్డు ఎటో సరిగ్గా తెలియదు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతుంటే, కట్టెల మోపుతో వస్తున్న ఒక కోయ ఆడమనిషి మోపు దించి నన్ను చూసింది.

"బస్సు పాయెనా అక్కా? ఒక్కదానివేనా?"

అవునన్నాను. పొద్దుటి నుంచీ విన్న ప్రశ్నే కదా, ఇక జాలి పడుతుందని చూశాను.

"నేను గూడ ఒక్కదాన్నే. కూసోరాదా, గట్ల తిరిగితే కాళ్ళు నొవ్వవా?" అని నవ్వి, తాను చతికిలబడింది. నేనూ కూర్చున్నాను.

కూర్చున్నాక మెల్లగా మా గోలకు లేచిపోయిన కొంగలు ఒక్కొక్కటే తిరిగివచ్చాయి. తుంగ కదిలింది. నీటికుక్కలు, ఒక తల్లీ దాని పిల్లలూ, చేపను పట్టుకుని బురద మీదికొచ్చాయి. తల్లి వెనక కాళ్ళ మీద లేచి నిలబడి నన్ను కాసేపు చూసింది, నా వల్ల వచ్చే ప్రమాదమేదీ లేదని తేల్చుకుందేమో, మళ్ళీ తన చేప తాను తినసాగింది. నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. ఎంతసేపు గడిచిందో గానీ, దూరాన హారన్ వినబడగానే నీటికుక్కలు చటుక్కున మునిగాయి. నాకు కలిగిన మొదటి ఆలోచన, అమ్మయ్య అని కాదు. అప్పుడే ఎందుకొచ్చారు వీళ్ళు, అని. చర్లకు వెళతానని ఆ క్షణంలోనే తేలిపోయింది.

బస్సులోంచి ఆడవాళ్ళంతా దిగి నన్ను కావలించుకుని, ఎంత భయపడ్డావో తల్లీ అని ఏడ్చినంత పని చేశారు. నా సీటు ఖాళీగా ఉందని పాల్వంచ చేరేదాకా ఎవరూ చూడలేదట. వాళ్ళ మనసు నొప్పించడమెందుకని, అవునవును చాలా భయపడ్డానని చెప్పాను. వెనక్కి తిరిగిచూస్తే కట్టెల మోపు అప్పటికే చెట్ల మధ్యకు పోయింది.

సోమవారం సంతకం పెట్టాను. వదిన రెండు రోజులు మాట్లాడలేదు గానీ, బయలుదేరేనాడు నా పెట్టెలో తనే ఒక టార్చిలైటు పెట్టింది. చర్లలో కరెంటు పోయిన రాత్రులన్నీ దాంతోనే గడిపాను, జ్వరాల కాలంలో వార్డంతా దాని వెలుతురులోనే తిరిగాను, ఎవరినీ పిలవలేదు.

ఇప్పుడు ఖమ్మంలో రిటైరై కూర్చున్నాను. పార్కులో ఒక చుట్టు ఎక్కువ తిరిగితే చాలు, "అత్తా, ఇంకా అక్కడే ఉన్నవేంది?" అని, నేనెక్కడున్నానో తన ఫోనులో చూసి మేనకోడలు కాల్ చేస్తుంది. పిల్ల ప్రేమను తప్పు పట్టను. ఆనాడు ఒక బస్సెడు జనానికి నేను గుర్తే లేను, ఇప్పుడు ఒక్క అడుగు కూడా ఎవరి కంటా పడకుండా వేయలేను, ఈ రెంటిలో ఏది మేలో నాకింకా తేలలేదు.

ఆ ప్రకటనకు జవాబు ఇంకా రాయలేదు. మనిషిని మరిచిపోయే బస్సు ఎక్కడైనా ఉంటే చూడమ్మా, ఈసారీ పేరిస్తాను అని రాద్దామని ఉంది. అత్తకు మతి పోయిందనుకుంటుంది.