నాన్న ఏరిన సున్నపురాళ్లు

పొద్దున తొమ్మిదింటికి క్యాను మూత తీసి చూసేసరికి నీరుగారిపోయాను. ముందురోజు కాలేజీ ల్యాబులో కలిపి, తేరుకోవడానికి ఇంటికి తెచ్చిపెట్టిన నూనె అది. పైన పచ్చటి ఇంధనం, అడుగున చిక్కటి గ్లిజరిన్ వేరుపడి ఉండాలి. క్యాను నిండా తెల్లగా, విరిగిన పెరుగులా సబ్బు పేరుకుని ఉంది.

పదకొండింటికి మా సారు, బయటి కాలేజీ నుంచి ఇంకో సారు కలిసి నా ప్రాజెక్టు చూడ్డానికి మా వీధికి వస్తున్నారు. వాళ్ల ముందు నడిపి చూపించడానికి ఎదురింటి మెకానిక్ చాచా తన ట్రాలీ ఆటో ట్యాంకులో డీజిలంతా తోడి వేరే బండికి పోసేసి కూర్చున్నాడు. నరసరావుపేట నుంచి మిర్చి బస్తాలు తోలే బండి అది. నా ప్రాజెక్టు పోతే మళ్లీ చేసుకుంటాను. ఆయన ఇంజను పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

నేను చేస్తున్నది పెద్ద మాయేం కాదు. బజ్జీల కొట్టులో కాగి కాగి నల్లబడ్డ నూనెని మిథనాల్‌తో కలిపితే డీజిల్ ఇంజనుకు పనికొచ్చే ఇంధనం వస్తుంది. అందుకు ఒక ఉత్ప్రేరకం కావాలి, అంటే తాను ఖర్చయిపోకుండా పని జరిపించేది. మామూలుగా వాడే కాస్టిక్ సోడా ఒక్కసారితో సరి, పైగా దాన్ని కడిగి వదిలించడానికి బిందెలకొద్దీ నీళ్లు. కాల్చిన సున్నమైతే వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. పల్నాడులో సున్నానికి కరువా? నేను పుట్టక ముందు నుంచీ మా నాన్న సున్నం బట్టీలోనే పని చేస్తున్నాడు. మొదటి రెండుసార్లు నేనే వెళ్లి తెచ్చుకున్నాను, బాగానే కుదిరింది. ఈసారి తీరిక లేక, మంచివి ఏరి తీసుకురమ్మని నాన్నకి చెప్పాను.

నాకు కోపం వస్తే ముందు ఎదుటివాళ్ల తప్పే కనబడుతుంది. తిన్నగా బజ్జీల పిన్ని దగ్గరకు వెళ్లి, నూనెలో నీళ్లేమన్నా కలిశాయా అని నిలదీశాను.

"నీళ్లు కలిసిన నూనెలో బజ్జీలు ఎట్టా ఏగుతయ్యే? మొహాన చిమ్మదూ? ఇంత చదువుకున్నావు, ఆ మాత్రం తెలవదా?" అంది.

తల దించుకుని ఇంటికొచ్చేసరికి నాన్న డ్యూటీ దిగి వచ్చాడు, కనుబొమల నిండా సున్నంతో.

"నువ్వు తెచ్చింది ఏం సున్నం నాన్నా?" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఫస్టు రకం! కాలని రాయి ఒక్కటుంటే చూపించు. ఒక్కోదాని మీద నీళ్లు చిలకరించి, బుస్సుమని పగిలినయ్యే ఏరి డబ్బాలో ఏశా."

బట్టీ దగ్గర సున్నాన్ని అలాగే పరీక్షిస్తారు. నీళ్లు పడగానే వేడెక్కి పగిలితే రాయి బాగా కాలినట్టు లెక్క. నాకు కావలసిందేమో నీటి చుక్క తగలని సున్నం. తడి తగిలితే దాని పని చెడి, నూనె కాస్తా సబ్బవుతుంది.

"నీళ్లు తగిలే నూనెంతా సబ్బయిపోయింది! నీకేం తెలుసు నాన్నా! బట్టీ పని తప్ప నీకేం తెలుసు!" అని వీధంతా వినపడేలా అరిచాను. తడి తగలకూడదని నేను చెప్పనే లేదు. అది అరుస్తుండగానే గుర్తొచ్చింది. అయినా ఆపలేదు.

పదిన్నర అయింది. సబ్బుని గుడ్డలో వేసి పిండితే సీసాడు పచ్చటి ద్రవం వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. అందులో ఇంకా సబ్బు ఉందనీ, ఇంజను ఫిల్టరుకి పట్టేస్తుందనీ నాకు తెలుసు. పది నిమిషాలు నడిస్తే చాలు, సార్లు వెళ్లిపోతారు, తర్వాత సంగతి తర్వాత అని పైకే గొణుక్కున్నాను. వీధి మొదట్లో సారు బైకు చప్పుడు వినిపించింది. చాచా ట్యాంకు మూత తిప్పాడు.

"పొయ్యి బేటా, చానా కష్టపడ్డావు," అన్నాడు.

సీసా వంచాను. వెనక నుంచి సున్నానికి పగిలిన చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది.

"నేను తెలవక నీళ్లు పోశా," అన్నాడు నాన్న, నాకు మాత్రమే వినపడేలా. "నువ్వు తెలిసి పొయ్యమాక."

సార్లకి జరిగింది జరిగినట్టు చెప్పాను. నెలలోపు మళ్లీ చూపించమని వెళ్లిపోయారు. చాచా డీజిలు కోసం ఖాళీ క్యాను పట్టుకుని బంకు వైపు నడిచాడు.

వారం తిరక్కుండా నాన్న మరో డబ్బా తెచ్చాడు, మూత చుట్టూ గట్టిగా టేపు వేసి. ఈసారి నీళ్ల జోలికి పోలేదు. ఒక్కో రాయినీ అరచేతిలో పెట్టి బరువు చూశాడట. కాలిన రాయి తేలిక, లోపల పచ్చి మిగిలినది బరువు. కాలేటప్పుడు రాయిలోంచి వాయువు వెళ్లిపోతుందని నేను పుస్తకంలో చదివాను. ఆయన దాన్ని చేత్తో తూస్తాడు.

ఆ సున్నంతో చేసిన ఇంధనంతో చాచా ఆటో కారంపూడి దాకా వెళ్లి క్షేమంగా తిరిగొచ్చింది. చాచా ఇంజను ఆపగానే పరుగున ఇంటికొచ్చాను. నాన్న కుళాయి దగ్గర కనుబొమలు కడుక్కుంటున్నాడు.

"బండి బాగా నడిచింది నాన్నా. నీ రాళ్లు బాగున్నాయి," అన్నాను. అంతకన్నా పెద్ద మాట చెప్పాలనే వచ్చాను, నోరు రాలేదు.

"అట్నా?" అన్నాడు సంతోషంగా. "నాకేం తెలుసమ్మా, నువ్వు చెప్పాల."

ఎత్తిపొడుపు కాదది. ఆ రోజు నేను అరిచిన మాటని ఆయన నిజమని నమ్మేశాడు.