సైకిలు మీటరు, కాకినాడ దూరం

మా అక్క యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. అప్పటిదాకా మేమిద్దరం తార్నాకలో ఒకే ఫ్లాటులో ఉండేవాళ్ళం. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. నేను ఇంట్లో కూర్చుని పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దేదాన్ని. ఇప్పటికీ అదే పని. ఇద్దరికీ పెళ్ళిళ్ళు ఎందుకు కాలేదంటే ఒక్కో సంబంధానికి ఒక్కో కారణం ఉండేది. కొన్నేళ్ళకి ఆ కారణాలు మేమే మర్చిపోయాం, అడిగేవాళ్ళూ మానేశారు. అలాంటిది, ఒక ప్రార్థన కూటంలో పరిచయమైన కాకినాడ ఆయన, భార్య పోయి చాలాకాలమైనవాడు, అక్కని అడిగాడు. అక్క వారం పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, తలెత్తకుండా, "ఒప్పుకుందామనుకుంటున్నానే. నువ్వేమంటావ్?" అంది.

"మంచిదే కదా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆమె వెళ్ళాక ఇంట్లో చప్పుడు పోయింది. అక్క పేపర్లు దిద్దేటప్పుడు పైకే మాట్లాడేది. "ఓరి నాయనా, ఈ మైనస్సు ఎటు పోయిందిరా?" అని, ఎదురుగా ఆ పిల్లవాడే ఉన్నట్టు. నేను పక్కగదిలోంచి విసుక్కునేదాన్ని. ఇప్పుడు నా పనికి కావలసినంత నిశ్శబ్దం దొరికింది. సాయంత్రం ఎప్పుడో ఫోను మోగి హలో అంటే గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసేది. ఆదివారం చర్చిలో అందరూ ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని, "అక్క ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. బాగుందని చెప్పేదాన్ని. ఆ తర్వాత మాట ముందుకి సాగేది కాదు.

షుగరు అంచుల్లో ఉంది, రోజూ నడవమన్నాడు డాక్టరు. నడక నాకు పడలేదు. నడుస్తుంటే ఇంట్లో ఏ ఆలోచన వదిలి వచ్చానో అదే పక్కన నడిచేది. చిన్నప్పుడు స్కూలుకి సైకిలు మీద వెళ్ళినదాన్ని కదా అని, ఒక సైకిలు కొనుక్కుని యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, చెట్ల కింద ఉద్యోగ పరీక్షల పుస్తకాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పైకే చదువుకునేవాళ్ళు. ఎక్కడో పొదల్లో నెమలి అరిచేది. ఆ చదువుల గొణుగుడు మధ్య నుంచి సైకిలు తొక్కుకుంటూ పోవడం నాకు బాగుండేది. మా ఇంటి పాత చప్పుడు లాంటిదే అదీనూ.

అక్కకి ఫోన్లో చెప్పాను. ఆమె మొదటి ప్రశ్న, "ఎంత దూరం తొక్కావ్?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటే? కొలుచుకోకపోతే ఎలా? సైకిలుకి మీటరుంటుందిట, కొనుక్కో. తలకి హెల్మెట్టూ కొనుక్కో. ఆ చెవులకి గుడ్డ కట్టుకుని తిరక్కు."

తార్నాక చౌరస్తాకి కాస్త ఇవతల ఒక సైకిళ్ళ షాపుంది. షాపాయన మధ్యవయసు మనిషి, అమ్మకం బాగా తెలిసినవాడు. "రోడ్డు మీద తొక్కుతరా మేడం, క్యాంపస్‌ల వరకేనా?" అని అడిగాడు. క్యాంపస్ వరకే అన్నాను. అయినా షాపులో ఉన్నవన్నీ కౌంటరు మీదికి దింపాడు.

హెల్మెట్టు ఎంచుకోవడానికే చాలాసేపు పట్టింది. మొదటిది నెత్తి మీద బోర్లించిన గిన్నెలా కూర్చుంది. పట్టీ బిగించుకోకుండా తల అడ్డంగా ఆడించి చూసుకుంటే జారకుండా ఉన్నది ఒక్కటే దొరికింది. దాని రంగు నాకు నచ్చలేదు, అయినా అదే తీసుకున్నాను. వెనక వెలిగే ఎర్రలైటు తీసుకున్నాను. హ్యాండిలుకి తగిలించుకునే అద్దం కూడా. సీటు మీద తొడిగే మెత్తటి కవరొకటి ఆయన బలవంతాన అంటగట్టాడు. అది నేను బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారేది, వారం తిరక్కుండా తీసి అటక మీద పడేశాను. మామూలుగా సరదాకి తొక్కేవాళ్ళకి మెత్తటి సీటు కంటే సరైన ఎత్తులో ఉన్న సీటు ముఖ్యమని తర్వాత అర్థమైంది. ఎత్తు సరిచేసుకున్నాక మోకాళ్ళ నొప్పి తగ్గింది.

ఇక మీటరు. ఆయన రెండు పెట్టాడు. ఒకటి చిన్నది, చక్రం పుల్లకి ఒక అయస్కాంతం కట్టి, వైరుతో హ్యాండిలు దాకా తెచ్చేది. వేగం, దూరం, టైము చూపిస్తుంది, అంతే. రెండోది పెద్దది, ఫోనుతో కలిసి పనిచేసేది. మనం వెళ్ళిన దారి మ్యాపులో గీతలా కనిపిస్తుంది.

"గీ పెద్దది తీస్కోండి మేడం. ఒకవేళ మీరు కింద పడ్డరనుకోండి, దానికే ఎర్కైతది. మీ ఇంటోళ్ళకు అదే మెసేజ్ పంపిస్తది, మీరు ఏడ పడ్డరో గా జాగతోని సహా."

"ఎవరికి పంపిస్తుంది?"

"మీరు ఏ నంబర్ పెడితే గా నంబర్‌కు. ఇట్లియ్యండి, చూపిస్త" అని నా ఫోను తీసుకుని యాప్ ఎక్కించాడు. పేరు అడిగింది, వయసు అడిగింది, బరువు అడిగింది. అన్నీ చెప్పాను. తర్వాత ఆపదలో ఎవరికి చెప్పాలి అని ఒక ఖాళీ గడి వచ్చింది.

"సార్ నంబర్ చెప్పండి."

"సార్ లేరండి."

"అయ్యో. పిల్లలది?"

"పిల్లలూ లేరు. అక్క ఉంది. కాకినాడలో."

ఆయన వేలు ఫోను మీద అలాగే ఆగిపోయింది. "కాకినాడల ఉంటె…" అని ఏదో అనబోయి మానేశాడు. పాపం, తప్పుగా అడిగానేమో అనుకున్నట్టున్నాడు. "పక్కింటోళ్ళదైనా పెట్టొచ్చు మేడం" అన్నాడు నెమ్మదిగా. పక్కింటివాళ్ళు ఆర్నెల్లకోసారి మారుతుంటారు. లిఫ్టులో ఎదురుపడితే నవ్వుతాం. నేను రోడ్డు మీద పడ్డానన్న కబురు వాళ్ళకి చేరడం ఊహించుకున్నాను. వాళ్ళు ఏం చెయ్యాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కళ్ళ ముందు కనిపించింది.

"చిన్నదే ఇవ్వండి. నాకు దూరం తెలిస్తే చాలు" అన్నాను.

ఆ మీటరుకి ముందుగా చక్రం కొలత చెప్పాలట. చక్రం ఒక చుట్టు తిరిగితే ఎంత నేల సాగుతుందో అది. అక్క వీడియోకాల్లోకి వచ్చి చెబుతుంటే హాల్లో సైకిలు నిలబెట్టి, టైరు మీదా నేల మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టి, గోడ దాకా నడిపించాను. కుట్టుమిషను టేపు చాలలేదు, రెండుసార్లు వేసి కొలిచాను.

"అలా కాదు. నువ్వు ఎక్కి కూర్చుని కొలవాలి. నీ బరువుకి టైరు నొక్కుకుంటుంది, కొలత తగ్గుతుంది" అంది అక్క.

"ఎక్కి కూర్చుంటే గుర్తు ఎవరు పెడతారే?"

ఆమె కళ్ళు ఫోనులోంచి మా హాలంతా ఒకసారి చూశాయి. అంతలో లోపలినుంచి బావగారు ఏదో అడిగినట్టున్నారు. "వస్తున్నా" అని అటు తిరిగి, నాతో, "సర్లే, అదే పెట్టెయ్. కాస్త ఎక్కువ చూపిస్తుంది, పర్లేదు. ఉంటానే" అని పెట్టేసింది. నేను సుద్ద చేతులు కడుక్కోకుండా కాసేపు నేల మీదే కూర్చున్నాను.

ఊళ్ళ ఆట మొదలుపెట్టింది అక్కే. మీటరు మొత్తం దూరాన్ని కూడబెట్టి చూపిస్తుంది. ఒకరోజు ఆ అంకె చెప్పగానే, "అయితే నువ్వు చౌటుప్పల్ దాటేశావే" అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం నేను అంకె చెప్పడం, ఆమె రోడ్డు దూరాలు చూసి ఊరు చెప్పడం. సూర్యాపేటలో ఆగి టీ తాగమంది. కోదాడలో ఎండ ఎక్కువ, టోపీ పెట్టుకో అంది. క్యాంపస్‌లో అవే రోడ్లు, అదే రాతిభవనం ముందునుంచి చుట్టూ తిరుగుతూనే నేను కృష్ణ ఒడ్డుకి చేరాను. ఆ రోజుల్లో వాన పడినా మానలేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, రావులపాలెం. అక్క గొంతు వారం వారం దగ్గరవుతున్నట్టు ఉండేది నాకు.

రాజమండ్రి అన్న ఆదివారం అక్క పెద్దగా మాట్లాడలేదు. ఆ తర్వాతి ఆదివారం అంకె అడగనే లేదు. కూర ఏం వండావు, ప్రూఫులు వచ్చాయా అని అడిగింది. నేనూ చెప్పలేదు. ఆమె సంసారం ఆమెది, ఎంతకాలమని ఈ చిన్నపిల్లల ఆట అనుకున్నాను. కొన్నాళ్ళకి ఒక పొద్దున, హాస్టళ్ళ వైపు దిగే రోడ్డులో, మీటరు మీద కాకినాడ అంకె పడింది. సైకిలు పక్కకి ఆపి ఫోను చేశాను.

"ఇంట్లో చుట్టాలున్నారే, మళ్ళీ చేస్తా" అంది. ఆ రోజు చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు.

నేను తొక్కడం మానలేదు గాని మీటరు వైపు చూడటం మానేశాను. ఆ వారంలోనే పడ్డాను. రాత్రి వానకి రోడ్డు మీద ఆకులు తడిసి అతుక్కుని ఉన్నాయి. కుక్కలు రెండు కొట్లాడుకుంటూ అడ్డం వచ్చాయి. బ్రేకు గట్టిగా నొక్కేశాను. తల వెళ్ళి గట్టురాయికి తగిలింది. హెల్మెట్టు చీలింది, తలకేమీ కాలేదు. మణికట్టు మాత్రం కింద నలిగింది.

చెట్టు కింద చదువుకుంటున్న అమ్మాయొకతె పుస్తకం పడేసి పరిగెత్తుకొచ్చింది. "లేవకండి ఆంటీ, జర ఆగండి. చెయ్యి కదుల్తున్నదా? ఇంట్ల ఎవరికన్న ఫోన్ చెయ్యాల్నా?"

"వద్దమ్మా. నేనే వెళ్తాను."

"గట్లెట్ల పోతరు ఒక్కరే? నేనొస్త పాండి" అని సైకిలు తన స్నేహితురాలికి అప్పగించి, ఆటో పిలిచి, నాతో క్లినిక్‌కి వచ్చింది. కట్టు వేసేదాకా కూర్చుంది. దారిలో అడిగితే అడిక్‌మెట్‌లో గది తీసుకుని పరీక్షలకి చదువుతున్నానని చెప్పింది. సాయంత్రం సైకిలు తెచ్చి ఇచ్చి, టీ తాగమంటే "క్లాసుకు లేటైతది ఆంటీ" అని నవ్వి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్నాక ఎడంచేత్తో అన్నం తినడానికి ప్రయత్నించాను, ఇంకా ఎన్నాళ్ళు ఇలా తినాలో అనుకుంటూ.

అక్కకి చెప్పలేదు. ఆదివారం నా కట్టు చూసి, బౌద్ధనగర్‌లో ఉండే మా చర్చి ఆవిడ చెప్పింది. మర్నాడు పొద్దున్నే తలుపు కొడితే తీశాను. అక్క, చేతిలో సంచితో, ముఖమంతా రైలు ప్రయాణపు బడలికతో.

"నేను చచ్చాననుకున్నావా?" అంది లోపలికి రాకముందే.

"నువ్వు పనుల్లో ఉన్నావు కదా అని."

"పనులేంటే, పనులు! చెయ్యి విరిగితే చెప్పడానికి కూడా పనికిరానా?"

ఇద్దరం అరుచుకున్నాం. చాలాకాలం తర్వాత ఆ ఇంట్లో అంత చప్పుడు. చివరికి ఆమె దువ్వెన తెచ్చి, నన్ను కింద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చుని చిక్కులు తియ్యడం మొదలుపెట్టింది. నేను అటువైపు తిరిగి ఉన్నాను గనకనేమో, అడగగలిగాను.

"ఊళ్ళు చెప్పడం ఎందుకు మానేశావ్?"

దువ్వెన ఆగింది. "నువ్వు రాజమండ్రి చేరావని చెప్పి ఫోను పెట్టేశాక ఏడ్చానే. నువ్వు నిజంగా వస్తున్నట్టే లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను, పిచ్చిదాన్లాగా. సామర్లకోట కూడా దాటేస్తే ఆపైన ఏముంది? నువ్వు రావు కదా."

దువ్వెన మళ్ళీ కదిలింది. ఆమే మళ్ళీ చెప్పింది. "ఆయన మంచివాడే. ఏ లోటూ లేదు. కానీ ఆ ఇంట్లో గిన్నెలన్నిటి మీదా ఆ పోయినావిడ పేరు చెక్కించి ఉంటుంది. అన్నం వార్చిన ప్రతిసారీ చదువుతాను. చుట్టాలొస్తే అందరూ నన్ను కొత్తావిడ అంటారు. ఎవరితో చెప్పుకోను? నీతో చెబితే, ఒంటరిదానివి, నీకు ఇంకో దిగులు."

నేను ఇక్కడ ఎన్ని సాయంత్రాలు ఆమె సంసారాన్ని తలుచుకుని, అక్కడ ఇల్లు నిండుగా ఉంటుందనుకున్నానో! ఆమె అక్కడ గిన్నెలు తోముకుంటూ అలాగే అనుకుందట, చెల్లెలు హాయిగా సైకిలు తొక్కుకుంటోందని. జడ వేయడం అయ్యాక కూడా ఆమె చేతులు నా భుజాల మీదే ఉన్నాయి.

కట్టు విప్పేదాకా ఉంటానంది గాని, బావగారికి వంట రాదు. రోజూ ఫోను చేసి పప్పులో ఉప్పు ఎంత అని అడిగేవారు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత తర్వాత ఆమె ఫోను మోగకముందే దాని వైపు చూడటం గమనించాను. ఆయన అడిగేదానికంటే ఎక్కువే చెప్పేది. పోపు మాడకుండా చూసుకోండి, బీపీ మాత్ర వేసుకున్నారా అని. "నువ్వెళ్ళు. నాకు ఎడంచెయ్యి అలవాటైపోయింది" అన్నాను.

సికింద్రాబాదు స్టేషన్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి, రైలు కదిలేదాకా ఉన్నాను. ఎప్పుడొస్తావని అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరికీ తెలియదు గనక.

తిరిగి ఆటోలో వస్తుంటే మెట్టుగూడ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. డ్రైవరు పెద్దాయన, నా చేతి కట్టు చూసి, "ఎవర్నన్న రైలెక్కించి వస్తున్నరా అమ్మా?" అని అడిగాడు.

"మా అక్కనండి."

"ఏ ఊరు పోయింది?"

కాకినాడ అనబోయాను. "వాళ్ళింటికి వెళ్ళింది" అని వచ్చింది నోట్లోంచి. ఆయన తలూపి, ముందున్న బస్సు కదిలితే ఆటో ముందుకి పోనిచ్చాడు. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు నేను. దిగేటప్పుడు ఆయన ఆటో ఆపి, ఎడంచేత్తో నేను తంటాలు పడుతున్న సంచి అందుకుని గేటు దాకా తెచ్చిచ్చాడు. పైన ఫ్లాటు గుమ్మం దగ్గర ప్రూఫులు వచ్చి ఉన్నాయి. ఎనిమిదో తరగతి లెక్కలు. దీపం వేసుకుని, మొదటి పేజీ పైకే చదవడం మొదలుపెట్టాను.