అసలాయన వస్తే ఇచ్చేయాల

మంత్రాలయంలో ఒక లాడ్జి బల్ల మీద, పాత క్యాలెండరు కాగితం వెనక, మా చెల్లెలు కంపాసుతో వలయం గీసింది. ముల్లు జారలేదు. ఇంకు గీత బయలుదేరిన చోటికే వచ్చి, అతుకు కనబడకుండా కలిసింది. ఈ కంపాసు పెట్టే కొనాలని మేము మనసులో అనుకున్న తరువాత లాడ్జి గుమాస్తా ఆ మాట చెప్పాడు.

"ఈ పెట్టె తెచ్చినాయప్ప పొద్దున్నే స్నానానికని నదికి పోయినాడు. మళ్ళ రాలే."

చెల్లెలు కంపాసును కాగితం మీద నుంచి ఎత్తలేదు. ఎప్పుడని నేను అడిగాను.

"ముందటేడు వానల్లో. పైన డ్యాము నీళ్ళు ఇడిసిన దినాలు."

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. నేను ఆదోనిలో ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. ఇల్లు ఎమ్మిగనూరులో. పొద్దున బస్సెక్కి పోయి, పత్తి ధరలు, రోడ్డు ప్రమాదాలు, మునిసిపాలిటీ గొడవలు రాసి, వార్తల కవరు బస్సులో పంపించి, చీకటి పడే వేళకు తిరిగి వచ్చేవాణ్ణి. నాయన మగ్గం నేసేవాడు. చెల్లెలు ఆయన పక్కన కూర్చుని గళ్ళ కాగితం మీద చీర అంచులకు డిజైన్లు గీసేది. ఇంటర్మీడియట్ అయ్యాక హైదరాబాదులో బొమ్మల కాలేజీకి అర్జీ పెట్టింది. పుస్తకాల అట్టలు, ప్రకటనలు, బట్టల మీద డిజైన్లు నేర్పే చదువు అది. ప్రవేశ పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. గీతలన్నీ ఇంకుతో గీయాలి, పనిముట్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.

ఆమె దగ్గర ఉన్నది బడిపిల్లల జామెట్రీ బాక్సు. అందులో కంపాసు కాలు వదులై, సగం వలయం దాటగానే విచ్చుకునేది. ఆదోని పుస్తకాల అంగట్లో కొత్త ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు ఒకటి మా స్తోమతకు దగ్గరగా దొరికింది. చూడ్డానికి తళతళలాడింది కానీ గీత పెన్ను రెండు రేకుల మొనలు కలవలేదు. ఇంకు పోయగానే కాగితం మీద బొట్టు పడింది. పరీక్షలో అట్లాంటి బొట్టు ఒక్కటి పడితే ఆ కాగితం పనికిరాదు.

ఆ అంగడి పక్కనే బోర్డులు రాసే సాయిబు ఒకాయన ఉండేవాడు. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే కుంచెతో రాసేవాడు. చెల్లెలికి అక్షరాల కొలతలు నేర్పింది ఆయనే. ఆమె ఆయనను మామా అని పిలిచేది. కొత్త పెట్టె చూసి ఆయన నవ్వాడు.

"ఇది పెళ్ళికొడుక్కు పెట్టేదానికి బాగుంటాది బేటీ. గీసేదానికి కాదు." తరువాత నాతో అన్నాడు. "మంత్రాలయంలో ఒక లాడ్జోళ్ళకు మొన్న బోర్డు రాసినా. వాళ్ళ బీరువాలో ఒక పాత పెట్టె చూసినా. అమ్ముతారంట. పోదామా?"

పోయాం. ఇంకు బుడ్డి సాయిబు సంచిలో ఉంది. పెట్టె నల్లటిది, లోపల నీలం మఖమలు, ఒక్కొక్క పనిముట్టుకు దాని గుంత. ఏదీ తుప్పు పట్టలేదు.

నదికి పోయిన మనిషి సంగతి విన్నాక నేను గుమాస్తాను ఇంకా కొన్ని అడిగాను. నలభై ఏళ్ళుంటాయేమో, ఒక్కడే వచ్చినాడు అన్నాడు. బాడుగ ముందే కట్టినాడు కాబట్టి మధ్యాహ్నం దాకా ఎవరూ గది వైపు చూడలేదు.

"సంచి తీసుకుని పోయినాడా?"

"సూల్లే. గదిలో పెట్టె ఒకటే ఉన్నింది. రాసిచ్చిన అడ్రసుకు కార్డేసినా, తిరిగొచ్చె."

"పోలీసులకు చెప్పలేదా?"

"ఏమని సెప్పేది? దినానికి ఎంతమంది సెప్పకుండా బస్సెక్కి పోతారు. ఉమ్మడిగా వచ్చినోళ్ళే గొడుగులు, చెంబులు మర్చిపోయి పోతారు."

ఆ లాడ్జిలో ఒక పద్ధతి ఉండేది. మొక్కు ఉన్నవాళ్ళు మళ్ళీ వస్తారు కాబట్టి, మరిచిపోయిన వస్తువును మఠంలో వచ్చే ఆరాధన ఉత్సవం దాకా దాచేవాళ్ళు. అప్పటికీ ఎవరూ రాకపోతే అమ్మేవాళ్ళు. కొనేవాళ్ళు మఠం వైపు తిరిగి ఒక మాట ఇవ్వాలి.

"అసలాయన వస్తే ఇచ్చేయాల," అన్నాడు గుమాస్తా. "మీరిచ్చిన దుడ్డు ఆయన మీకిస్తాడు. నేనే మీ ఇంటికి పంపిస్తా. ఇష్టముంటేనే తీసుకోండి."

నేను సాయిబు వైపు చూశాను. ఆయన చెల్లెలి వైపు చూశాడు. "గీసేది నువ్వు. నీకు బయమైతే వద్దు."

ఆమె మఠం వైపు తిరిగి దండం పెట్టింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఎమ్మిగనూరు దాకా వచ్చింది.

పరీక్షకు ఇంకా కొన్ని వారాలున్నాయి. గురువారాలు మంత్రాలయానికి జనం ఎక్కువ. అక్కడ దర్శనం చేసుకున్న మనిషి లాడ్జిలో అడిగి, బస్సెక్కితే మధ్యాహ్నానికి మా వీధిలో ఉంటాడు. గురువారం మధ్యాహ్నం తలుపు చప్పుడైతే చెల్లెలు పెన్ను పక్కన పెట్టేది. పాలవాడు, నూలు తెచ్చేవాడు, ఎదురింటి పిల్ల, ఎవరు పిలిచినా సరే. నాయన తలుపు తీసి, ఎవరో చెప్పిన తరువాత గానీ గీత మళ్ళీ మొదలుపెట్టేది కాదు.

ఒకరోజు ఆమె అమ్మతో అనేసింది. "పరీక్ష అయ్యేదాకా రాకుంటే సాలమ్మా."

అమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "అట్లనొద్దు. రానీ. వస్తే బతికినట్లే గదా ఆయప్ప. వాళ్ళింట్లో ఎవురెదురు సూస్తాండారో."

"వస్తే నా పరీక్ష?"

అమ్మ చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరం ఏం కోరుకోవాలో తెలియకుండా పోయింది. వచ్చినా భయమే. రాకపోతే ఆ మనిషి నదిలో ఉన్నాడన్న భయం. నాయన మాత్రం పెట్టెను ముట్టుకునేవాడు కాదు, దాటి పోవాల్సి వస్తే గోడవారగా పోయేవాడు.

నాకు ఇంకో భయం ఉండేది. ముందటేడు వానల్లో, నది ఒడ్డున గుర్తుతెలియని శవం దొరికిందని రెండు వాక్యాల వార్త నేనే పంపించాను. అట్లాంటివి ఏడాదికి కొన్ని రాసేవాణ్ణి. వయసు తెలియలేదని, పోలీసులు కేసు నమోదు చేశారని రాయడం అలవాటు. మంత్రాలయం వైపు స్టేషన్‌లో తెలిసిన హెడ్ కానిస్టేబులును పోయి అడిగాను.

"ఇప్పుడెందుకప్పా అది? వార్తలు దొరకలేదా ఆదోనిలో?" అన్నాడు.

"ఊరకే. ఎవరైనా గుర్తుపట్టారా అని."

"నీళ్ళలో అన్ని దినాలుంటే కన్నతల్లి గూడ గుర్తుపట్టలేదు. ఒంటి మీద గుడ్డ లేదు. నలభయ్యో అరవయ్యో ఎవురు సెప్తారు?" టీ తాగుతూ నా ముఖం చూశాడు. "మీకు కావాల్సినోళ్ళా?"

కాదన్నాను. లాడ్జి సంగతంతా చెప్పాను. ఆయన విని, అడ్రసు లేనోని కోసం యాడ పోయి అడిగేది అన్నాడు. స్టేషన్ నుంచి ఆ తరువాత ఏ కబురూ రాలేదు.

పరీక్షకు చెల్లెలిని నేనే హైదరాబాదు తీసుకుపోయాను. గేటు బయట కూర్చున్నాను. లోపల జరిగింది ఆమె రైలు కదిలాక చెప్పింది. పరీక్షకుల్లో పెద్దాయన ఒకరు బల్లల మధ్య తిరుగుతూ ఆమె దగ్గర ఆగారట. పెట్టె మూత మూసి, తెరిచి, మూత వెనక వేలితో తడిమి చూశారట.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అన్నది సార్."

"ఎక్కడ పనిచేస్తారు?"

పేపర్లో అని చెప్పిందట. ఆయన ఇంకొంచెంసేపు నిలబడి, పెట్టెను ఉన్నచోటనే పెట్టి ముందుకు పోయారట. అప్పటిదాకా సగం గీసిన వలయాన్ని పూర్తి చేయడానికి ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకోవాల్సి వచ్చింది. "ఆయనకు తెలుసేమోనన్నా ఆ పెట్టె," అంది. "తెలిసుంటే అడిగేవాడు కదా," అన్నాను.  ఆమె కర్నూలు దాటేదాకా పెట్టె మీద చేయి తీయలేదు.

సీటు వచ్చింది. చదువు అయినన్ని సంవత్సరాలు ఆ పెట్టెతోనే గీసింది. కొత్తది కొనిస్తానని ఒకసారి అంటే వద్దంది. ఈ పెట్టె మన దగ్గర లేకపోతే, ఆయప్ప వచ్చినప్పుడు ఏమిచ్చేదన్నా అని అడిగింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ముందు అదే అడిగేది. ఎవరైనా వచ్చినారా అని. లేదని చెప్తే అమ్మ, చెల్లెలు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు.

ఎనభైల మధ్యలో ఒకసారి పనిమీద మంత్రాలయం పోయి లాడ్జిలో అడిగాను. గుమాస్తా మానేసి రెండేళ్ళు దాటింది, యాడికి పోయినాడో తెలీదన్నారు. బల్ల దగ్గర కొత్తవాడు ఉన్నాడు. మరిచిపోయిన వస్తువుల పద్ధతి గురించి అడిగితే, అట్లాంటిదేమీ తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. ఈ రెండేళ్ళలో పెట్టె కోసం ఎవరైనా వచ్చారా అన్నాను. దినమూ ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి పోయిందని అడుగుతూనే ఉంటారని, లేదని చెప్పి పంపిస్తుంటానని అన్నాడు. వాళ్ళలో పెట్టె అడిగినవాళ్ళు ఉన్నారో లేదో అతనికి గుర్తు లేదు.